చేదు తగిలే చోటు

మా మేనకోడలికి కోపం వస్తే ఇంట్లో పాలు విరిగిపోతాయని నేను నలుగురికీ చెబుతుంటాను. మా చెల్లెలు, అంటే దాని తల్లి, ఒప్పుకోదు. గిన్నె సరిగా కడగకపోతే విరిగాయి తప్ప కూతురి కోపానికి కాదంటుంది. సరే, పాల సంగతి వదిలేద్దాం. ఆ కోపం మాత్రం పన్నెండేళ్లు విరిగిపోకుండా నిలవ ఉంది. ఈ మాట మా చెల్లెలూ కాదనదు.

ఎవరి మీదయ్యా అంత కోపం అంటే, మా ఊరి విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం శాఖకు పెద్దగా ఉన్న ప్రొఫెసరు మీద. ఆయన రాసిన పాఠ్యపుస్తకం లేని కాలేజీ లేదు. దాని లావు ఎంతంటే, మా చెల్లెలు దాన్ని కింద వేసుకుని, దాని మీద నిలబడి, అటక మీది డబ్బాలు అందుకునేది. మేనకోడలు డిగ్రీలో ఉండగా ఆ పుస్తకాన్ని ఒకటికి నాలుగుసార్లు చదివింది. నాలుగోసారి చదివేటప్పటికి దానికి అందులో తప్పులు కనిపించడం మొదలైంది. మన కథకు కావలసిన తప్పు ఒకటే.

పుస్తకంలో నాలుక బొమ్మ ఒకటుంది. కొసన తీపి, అంచులకు పులుపు, వెనకాల చేదు అని, పొలాలకు గట్లు వేసినట్టు గీతలు గీసి హద్దులు చూపించాడు. ఆ రోజుల్లో ఎమ్మెస్సీలో చేరాలంటే ఏ శాఖకు ఆ శాఖ పరీక్ష పెట్టుకునేది. రాతపరీక్ష తర్వాత ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూలో శాఖ పెద్ద ఎంత వేస్తే అంత. మేనకోడలు రాతపరీక్షలో అందరికంటే ముందుంది. ఇంటర్వ్యూ గదిలో ప్రొఫెసరు అడిగిన మొదటి ప్రశ్న, "చేదు నాలుక మీద ఎక్కడ తెలుస్తుందమ్మా?"

"అంతటా తెలుస్తుందండి," అంది ఇది.

"వెనక భాగంలో. నా పుస్తకంలో బొమ్మ వేసి మరీ చూపించాను. చూడలేదా?"

"చూశానండి. కానీ జ్వరం మాత్ర నాలుక కొసకు తగిలినా చేదుగానే ఉంటుంది కదండీ. మీరు కూడా ఒకసారి పెట్టుకుని చూడండి."

పక్కన కూర్చున్న ఇద్దరు లెక్చరర్లు తలలు వంచుకుని నవ్వు దాచుకున్నారట. ప్రొఫెసరు మాత్రం పెన్ను మూతపెట్టి, "నీకు కావలసింది ఎమ్మెస్సీ కాదమ్మా, నోటికి తాళం," అన్నాడు. ఆ సంవత్సరం సీటు రాలేదు. తర్వాతి సంవత్సరం దరఖాస్తు పెట్టుకున్నా ఇంటర్వ్యూకి పిలుపు కూడా రాలేదు.

సీటు ఒక్కటే పోతే అది మరిచిపోయేదే. పెళ్లయింది, రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం దొరికింది, అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, బుద్ధిమంతుడు. కానీ ఆ ప్రొఫెసరు ఊరుకోలేదు. ఏటేటా కొత్తగా చేరిన పిల్లలకు మొదటి క్లాసులో 'మాత్ర పిల్ల' కథ చెప్పి నవ్వించేవాడు. చెప్పిన ప్రతిసారీ కొంత కలిపేవాడు. ఒక ఏడు ఆ పిల్ల సంచీలోంచి మాత్ర తీసి ఆయన నోట్లో పెట్టబోయిందట. మరో ఏడు వెక్కివెక్కి ఏడ్చి, ఆయన కాళ్లు పట్టుకుందట. కథకు కాస్త రంగు వేయడం తప్పని నేనెలా అంటాను? కానీ నేను వేస్తే నా మీద వేసుకుంటాను, లేదా పాల మీద వేస్తాను.

ఆ కథ తిరిగి తిరిగి ఒకనాడు ల్యాబుకే వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె, ఆ ప్రొఫెసరు దగ్గరే ఎమ్మెస్సీ చదివినది, మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్న వేళ అందరికీ ఆ కథ చెప్పింది. ఆ మాత్ర పిల్ల ఎదురుగానే కూర్చుందని ఆ అమ్మాయికి తెలియదు.

"అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు మామయ్యా," అని మేనకోడలు మా ఇంటికి వచ్చి చెప్పింది. "నేనూ నవ్వాల్సి వచ్చింది."

ఆ రోజు నాకు అర్థమైంది, ఇది ఇక ఊరికే పోయేది కాదని.

తర్వాత కొన్నాళ్లకు ప్రభుత్వం ఒక పద్ధతి తెచ్చింది. అన్ని విశ్వవిద్యాలయాలకూ కలిపి పీజీకి ఒకే ప్రవేశ పరీక్ష. కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కడమే. ఇంటర్వ్యూ తీసేశారు. ర్యాంకును బట్టి సీటు. వయసుతో పని లేదు. మేనకోడలు పేపరు మడిచి చంకలో పెట్టుకుని పొద్దున్నే మా గుమ్మంలో నిలబడింది.

"మామయ్యా, ఇంటర్వ్యూ లేదట."

"అయితే ఏమిటే?"

"అయితే నన్ను ఆపేవాడు లేడు. ఆయనకు ఇంకా మూడేళ్ల సర్వీసుంది. వెళ్లి ముందు బెంచీలో కూర్చుంటాను. మొదటి రోజు మాత్ర పిల్ల కథ మొదలుపెడతాడు కదా, అప్పుడు లేచి నిలబడతాను."

"చదువుకోవాలనుంటే పక్క ఊళ్లోనూ సీట్లున్నాయి కదే."

"ఆయన పక్క ఊళ్లో లేడు కదా మామయ్యా," అంది.

చదివింది. ల్యాబులో రక్తం గొట్టాలు గిర్రున తిరిగే యంత్రం పెట్టి, అది ఆగేదాకా ఒక పేజీ. పొద్దున సూదులు గుచ్చేటప్పుడు మనసులో వర్గీకరణలు. అల్లుడు పనిలో ఉండి ఫోనులో ప్రశ్నలడిగేవాడు. ఒకసారి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంటే, లోపలున్నవాళ్లను బయటకు లాగేలోగా దీని చేత కప్ప గుండె గురించి పాఠమంతా అప్పజెప్పించుకున్నాడట. లోపలున్న పెద్దమనిషి ఒకడు మధ్యలో తప్పు కూడా దిద్దాడని అల్లుడు చెబితే నేను నమ్మాను. మీరూ నమ్మండి.

ఆ చదువులోనే ఇంకో విశేషం బయటపడింది. ప్రొఫెసరు పుస్తకానికి కొత్త ముద్రణ వచ్చింది. 'పూర్తిగా సవరించినది' అని అట్ట మీద రాసి, ఆయన ఫొటో వేశారు. మేనకోడలు కొనుక్కొచ్చి, ముందుగా నాలుక పేజీ తీసింది. అక్కడ బొమ్మ లేదు. దాని బదులు రెండు వాక్యాలు: నాలుకపై ఒక్కొక్క రుచికి ఒక్కొక్క ప్రాంతం ఉంటుందన్న పాత అభిప్రాయం సరైనది కాదు. అన్ని రుచులూ నాలుక అంతటా తెలుస్తాయి.

"చూశారా," అంది, పేజీ నా ముక్కు దగ్గర పెట్టి. "నేను చెప్పిందే రాసుకున్నాడు. చెప్పినందుకు నన్ను గెంటేశాడు."

"మారాడేమోనే. మనిషన్నాక మారతాడు."

"మారేదేమిటి మామయ్యా. ఈ మధ్య కూడా క్లాసులో అదే కథ చెప్పాడట. ఇది ఆయన రాసింది కాదు. ఆయన కింద పరిశోధన చేసే పిల్లలకు తలో అధ్యాయం ఇచ్చి సవరించమంటాడు. అక్కడంతా అంతేనని మా ల్యాబులో అమ్మాయే చెప్పింది. వాళ్లు రాస్తారు, ఈయన ఫొటో దిగుతాడు. చదవను కూడా చదవడు."

పరీక్ష రోజు నేనే తోడు వెళ్లాను. కేంద్రం దగ్గర కాపలావాళ్లు గడియారం, గాజులు, జడపిన్ను, చెప్పులు అన్నీ తీయించారు. ఊపిరి కూడా బయట వదిలి వెళ్లమంటారేమో అనుకున్నాను. వదలమనలేదు. మూడు గంటలు ఎదురుగా ఉన్న బట్టల కొట్టు మెట్ల మీద కూర్చున్నాను. బయటికొచ్చినప్పుడు దాని మొహం చూస్తే, పరీక్ష పోయిందేమో అనిపించింది.

"ఏమే, ఎలా రాశావు?"

"బాగానే రాశాను. ఆ ప్రశ్న వచ్చింది."

"ఏ ప్రశ్న?"

"చేదు. నాలుక మీద ఎక్కడ తెలుస్తుందని. కొసన, అంచుల్లో, వెనక భాగంలో, అంతటా. నాలుగూ ఇచ్చారు."

"పండగేగా మరి. అంతటా అని నొక్కావు."

అది నడుస్తూ నడుస్తూ ఆగింది. "మూడోది నొక్కాను. వెనక భాగం."

"అదేమిటే?" అన్నాను.

"ఆ ప్రశ్న ఆయన పెట్టిందే మామయ్యా. అడిగిన తీరు అచ్చం ఆయనదే. ఆయన పెడితే జవాబుల కీ కూడా ఆయనదే. తన పుస్తకం తను చదవడు కాబట్టి, కీలో వెనక భాగమే ఉంటుంది. ఒక్క మార్కు దగ్గర వందమంది ఉంటారు. తప్పయితే పావు మార్కు కోత. సీటు కావాలంటే ఆయన అబద్ధానికి తలూపాలి. ఊపాను," అంది.

పన్నెండేళ్ల కింద గదిలో నిలబడి కాదన్న మాటకు, ఇప్పుడు ఒంటరిగా కూర్చుని, ఎవరూ బలవంతం చేయకుండానే ఔనని వచ్చింది. అది దానికి సూది కంటే లోతుగా దిగింది.

పదిరోజులకు ప్రాథమిక కీ వచ్చింది. మూడోదే సరైన జవాబు. దాని మార్కులు, తాత్కాలిక ర్యాంకు తెరమీద కనిపించాయి. అల్లుడు లెక్కలు వేసి, పోయిన ఏడాది సీట్లతో పోల్చి చూసి, "వచ్చేసింది. చిట్టచివరి సీట్లలో ఒకటి, కానీ వచ్చేసినట్టే," అన్నాడు. మా చెల్లెలు కళ్లు తుడుచుకుంది. ఇది మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని, కీ కింద రాసిన చిన్న అక్షరాలు చదువుతోంది.

"కీ మీద అభ్యంతరాలుంటే మూడు రోజుల్లో పెట్టొచ్చట," అంది.

"నీకేం అభ్యంతరం? అన్నీ బాగానే వచ్చాయిగా," అంది మా చెల్లెలు.

"చేదు ప్రశ్న మీద పెడతాను."

ముందుగా తేరుకున్నది అల్లుడు. "అది నీకు మార్కు వచ్చిన ప్రశ్న," అన్నాడు, పిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా. "కీ మారితే ఆ మార్కు పోతుంది. పైగా పావు కోత. నువ్వు ఉన్నది అంచు మీద."

"తెలుసండీ."

"తెలిసి కూర్చున్న కొమ్మ నరుక్కుంటావుటే?" అంది మా చెల్లెలు. "అన్నయ్యా, నువ్వైనా చెప్పు. అది నీ మాటే వింటుంది."

నేను గొంతు సవరించుకున్నాను. మార్కు రాని ప్రశ్న మీద గొడవ పెట్టుకునేవాళ్లను చూశాను, వచ్చిన ప్రశ్న మీద పెట్టుకునేవాళ్లను చూడలేదు.

అల్లుడే మళ్లీ అందుకున్నాడు. "ముందు సీటు తెచ్చుకో. రెండేళ్లు ఆయన ముందే కూర్చుంటావు. రోజుకో ప్రశ్న అడిగి ఏడిపించు. ఎవరొద్దన్నారు?"

"ఏ మొహంతో అడగను?" అంది. అరవలేదు, గోడకేసి చూస్తూ అంది. "ఆయన తప్పుకు మార్కు తీసుకుని, ఆ మార్కుతో వెళ్లి ఆయన ముందు కూర్చుంటే, నేను లేచి నిలబడి ఏం చెప్పను? మొదటి రోజు ఆ కథ చెబుతాడు. క్లాసంతా నవ్వుతుంది. నేనూ నవ్వాలి. ఒకసారి నవ్వాను, చాలు."

ఆ సాయంత్రమే పెట్టేసింది. అభ్యంతరానికి ముద్రించిన పుస్తకంలోని పేజీ జతచేయాలి. కొత్త ముద్రణలోని నాలుక పేజీ జతచేసింది. పేజీ ఒక్కటే. అట్ట పంపమని ఎవరూ అడగలేదు, ఇది పంపలేదు.

వారం తర్వాత పిలుపు వచ్చింది. అసలు పుస్తకం పట్టుకుని కమిటీ ముందుకు రావాలి. నేనూ వెళ్లాను. తోడు వచ్చినవాళ్లు బయటే ఉండాలన్నాడు గుమాస్తా. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని "ఆఁ?" అన్నాను. మళ్లీ చెప్పాడు. మళ్లీ "ఆఁ?" అన్నాను. మూడోసారికి వాడికి విసుగొచ్చి, "పెద్దాయనకు వినపడదు, లోపల ఆ మూల కూర్చోబెట్టండి," అన్నాడు. ఆ విధంగా నేను సకలమూ విన్నాను.

పొడుగాటి బల్ల. ఒక చివర కన్వీనరు, సన్నగా, పొట్టి జుట్టుతో, లెక్కలు చెప్పే ఆవిడ. వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. అటూ ఇటూ నలుగురైదుగురు. మధ్యలో మన ప్రొఫెసరు. ఫొటోలో కంటే లావుగా ఉన్నాడు. అభ్యర్థి పేరు, ఊరు ఏదీ కమిటీకి చెప్పరు, నంబరు ఒక్కటే. మేనకోడలు నమస్కారం పెడితే, ఆయన దాన్ని చూసి తలూపాడు. గుర్తుపట్టలేదు. ఏటేటా దాని కథ చెప్పుకుని బతికినవాడు దాని మొహం గుర్తుపట్టలేదు.

కన్వీనరు కాగితాలు తిరగేసి, "ఈ ప్రశ్న మీద ఇంకొందరు కూడా పెట్టారు. వాళ్లిచ్చినవన్నీ ఇంటర్నెట్ ముక్కలు. ముద్రించిన పుస్తకం ఈవిడ ఒక్కరే ఇచ్చారు," అని, జెరాక్సు పేజీని ప్రొఫెసరు వైపు తోసింది. "మీ విషయమే కదా సార్, మీరు చూడండి."

ఆయన కళ్లజోడు పైకి నెట్టి చదివాడు. చదువుతుంటేనే పెదవి వంకర తిరిగింది.

"ఎవడు రాశాడండీ ఇది?"

"పుస్తకంలో ఉందండి," అంది మేనకోడలు.

"ఏ పుస్తకంలో ఉంటేనేమ్మా. రాసినవాడికి జంతుశాస్త్రంలో ఓనమాలు కూడా రావు. ఇట్లాంటి గైడ్లు సందుకొకటి వస్తున్నాయి. నలుగురు కూర్చుని నాలుగు పుస్తకాల్లోంచి ఎత్తి రాస్తారు, ఒకడు పేరు పెట్టుకుంటాడు."

"అలా చేస్తారాండీ?" అంది ఇది. నా మేనకోడలి గొంతులో అంత వినయం నేను పుట్టి ఎరగను.

"చేస్తారమ్మా, చేస్తారు. సిగ్గు లేనివాళ్లు." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. మనసు హాయిగా ఉన్నట్టుంది, కథ మొదలుపెట్టాడు. "వెనకటికి ఒక పిల్ల ఇంటర్వ్యూకి వచ్చి ఇదే వాదన. మాత్ర తెచ్చి నా నాలుక మీద పెట్టబోయింది. అవతలికి పొమ్మంటే ఒకటే ఏడుపు, కాళ్లు వదలదు."

ఒకరిద్దరు నవ్వారు. కన్వీనరు నవ్వలేదు. "అంటే ఈ పుస్తకాన్ని ప్రామాణికంగా తీసుకోనక్కర్లేదని మీ అభిప్రాయం, అంతేనా?"

"చించి పారేయొచ్చు."

"అలాగే రాసుకుంటాను. అమ్మా, అసలు పుస్తకం తెచ్చారా? అట్ట, ముద్రణ వివరాలు చూడాలి."

మేనకోడలు సంచీలోంచి పుస్తకం తీసింది. తొందరపడలేదు. ల్యాబులో రక్తం గొట్టాన్ని దించినంత జాగ్రత్తగా బల్ల మీద దించి, అట్ట మీది ఫొటో అందరికీ తిన్నగా కనిపించేటట్టు తిప్పింది.

కన్వీనరు ఫొటో చూసింది, మనిషిని చూసింది, మళ్లీ ఫొటో చూసింది.

"సార్, ఇది మీ పుస్తకం."

ప్రొఫెసరు దాన్ని దగ్గరకు లాక్కుని, పేజీ తెరిచి, మొదట పై నుంచి కిందికి, తర్వాత కింది నుంచి పైకి చూశాడు. ఆ పేజీని ఆయన పుట్టాక మొదటిసారి చదువుతున్నాడని గదిలో అందరికీ తెలిసిపోయింది. చెవులు ముందు ఎర్రబడి, తర్వాత తెల్లబడ్డాయి. పచ్చగా కూడా అయ్యాయని నేను బయట చెబుతుంటాను కానీ, ఇక్కడ వద్దు.

"ఇది... అచ్చు తప్పు," అన్నాడు.

"రెండు పూర్తి వాక్యాలు అచ్చు తప్పా సార్?" అంది కన్వీనరు.

"పిల్లలు సవరించారు. నేను చూసుకోలేదు."

"నలుగురు రాస్తారు, ఒకరు పేరు పెట్టుకుంటారు," అంది మేనకోడలు, బల్లకేసి చూస్తూ. "మీరే చెప్పారండి, ఇందాక."

అప్పుడు ఆయన దాని మొహం నిజంగా చూశాడు. ఇదీ తలెత్తింది. "మాత్ర నేను తేలేదండి. ఏడవనూ లేదు. మీ కాళ్లు ఎక్కడున్నాయో కూడా చూడలేదు. మీరొకసారి పెట్టుకుని చూడండి అన్నాను, అంతే."

నవ్విన ఒకరిద్దరూ ఇప్పుడు బల్ల మీద గీతలు లెక్కపెడుతున్నారు.

కన్వీనరు తన కంప్యూటరులో ఏదో నొక్కి చూసి, కనుబొమలు ఎత్తింది. "అమ్మా, ఈ ప్రశ్నకు మీరు పెట్టింది మూడో జవాబు. మీకు మార్కు వచ్చింది. మేము కీ మారిస్తే పోతుంది. మీకీ సంగతి తెలిసే పెట్టారా?"

"తెలిసే పెట్టానండి."

"సీటు కూడా పోవచ్చు."

"పోతుందండి. లెక్క వేసుకునే వచ్చాను."

ఆవిడ కలం పక్కన పెట్టింది. "సాయంత్రం అయిదింటి దాకా అభ్యంతరం వెనక్కి తీసుకోవచ్చు. నియమం కాబట్టి చెబుతున్నాను," అంది. చెప్పే తీరు చూస్తే, తీసుకోవద్దు అన్నట్టే ఉంది.

బయట వరండాలోకి వచ్చామో లేదో ప్రొఫెసరు వెనకే వచ్చాడు. నేను పక్కనే ఉన్నా, గోడకు ఆనించిన కర్రను చూసినట్టు చూసి, మేనకోడలితోనే మాట్లాడాడు. గొంతు తగ్గింది.

"చూడమ్మా. అప్పుడేదో మాట జారాను. పెద్దవాణ్ణి. నువ్వు ఆ కాగితం వెనక్కి తీసుకో. నీ మార్కు నీకుంటుంది, నీ సీటు నీకుంటుంది. రెండేళ్లు నిన్ను నా కూతురిలా చూసుకుంటాను. ప్రాక్టికల్స్ మార్కులకు నీకు దిగులుండదు."

"మరి నాలుక సంగతి అండీ?"

"నాలుకకేమైంది?"

"కీలో చేదు వెనక భాగంలోనే ఉంటుంది కదండీ."

"ఒక్క ప్రశ్నమ్మా. ఒక్క ప్రశ్న కోసం ఎవరైనా జీవితం పాడుచేసుకుంటారా?"

"పోయినసారి కూడా ఒక్క ప్రశ్నేనండి," అంది. "అప్పుడు పాడుచేసింది మీరు. ఈసారి నా చేత్తో నేనే చేసుకుంటాను. రుచి వేరుగా ఉంటుంది."

అయిదింటి దాకా ఆ వరండాలోనే బెంచీ మీద కూర్చుంది. ఇంటికి పోదామంటే వినలేదు. "నేను వెనక్కి తీసుకుంటానేమోనని ఆయన లోపల ఎదురుచూస్తుంటాడు. చూడనీ," అంది. ప్రొఫెసరు రెండుసార్లు తలుపు సందులోంచి తొంగిచూశాడు. రెండోసారి ఇది ఆయనకు నమస్కారం పెట్టింది.

తుది కీలో ఆ ప్రశ్నకు నాలుగో జవాబు. మేనకోడలి ర్యాంకు కిందికి జారింది. సీట్ల జాబితా వచ్చిన రోజు, చివరి సీటు దీనికి కాస్త పైన ఆగిపోయింది. అల్లుడు అంతా చూసి, ఫోను మూసి, టీ పెట్టుకొచ్చాడు. మా చెల్లెలు మూడు రోజులు కూతురితో మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది కానీ, అవి ఇక్కడ రాసే మాటలు కావు.

అటు ప్రొఫెసరును పరీక్ష కమిటీ నుంచి తప్పించారు. ఊళ్లో కథ మారిపోయింది. మాత్ర పిల్ల పోయి, సొంత పుస్తకాన్ని చించి పారేయమన్న ప్రొఫెసరు వచ్చాడు. కాలేజీ ముందు టీ కొట్టు దగ్గర నేనూ నాలుగుసార్లు చెప్పాను. ఆయన ఆ పుస్తకాన్ని కిటికీలోంచి విసిరేస్తే అది కింద ఆగి ఉన్న ఆయన కారు అద్దం మీదే పడిందని చెప్పాను. కారు లేదని తర్వాత తెలిసింది. అయినా నేను మార్చలేదు.

మేనకోడలు మాత్రం తృప్తిగా ఉన్నట్టు కనిపించలేదు. తిన్నది చాలక, రెండోసారి కంచం చాపినవాళ్ల మొహం ఉంటుందే, అలా ఉంది. వచ్చే ఏటి పరీక్షకు అప్పుడే మొదలుపెట్టింది. మళ్లీ రక్తం గొట్టాలు గిర్రున తిరుగుతున్నాయి, మళ్లీ లిఫ్టుల్లోంచి ఫోన్లు వస్తున్నాయి.

అలా ఉండగా ల్యాబులోని ఆ కొత్తమ్మాయి కబురు మోసుకొచ్చింది, ప్రొఫెసరు ముందుగానే పదవీ విరమణ తీసుకుంటున్నాడట, ముఖం చెల్లక.

మేనకోడలు ల్యాబు కోటు విప్పకుండానే మా ఇంటికి వచ్చింది. పన్నెండేళ్లలో దాని కళ్లల్లో భయం నేను చూసింది ఆ రోజే.

"వెళ్లిపోతాడట మామయ్యా. ఎలా వెళ్తాడు? నేనింకా రానేలేదు."

"పీడ విరగడైందనుకోవే."

"ఎవరికి విరగడ? క్లాసులో ఆయన లేకపోతే నేనెవరి ముందు కూర్చోవాలి? ఎవడో నా వయసువాడు వస్తాడు, మంచివాడై కూడా ఉంటాడు. నాకేం పని వాడితో? మీరు వెళ్లండి మామయ్యా. మీరు చెబితే ఎవరైనా వింటారు. ఆయన్ను ఉండమని చెప్పండి."

వెళ్లాను. పళ్లు కూడా కొనుక్కుని వెళ్లాను. ఉత్త చేతుల్తో ఎలా వెళ్తాం? ప్రొఫెసరే తలుపు తీశాడు. నన్ను అంతకు ముందెప్పుడూ చూడనట్టే చూశాడు. ముందుగదిలో గోడ పొడుగునా ఆయన పుస్తకాలే. ఒక అర మాత్రం ఖాళీగా ఉంది.

"అయ్యా, మీరు ఉద్యోగం మానేస్తున్నారని విన్నాం. వద్దండి. మీలాంటివారు మధ్యలో వెళ్లిపోతే ఎలా? మీ పాఠం వినాలని కాచుకుని కూర్చున్నవాళ్లున్నారు," అన్నాను.

ఆయన మొహం మెత్తబడింది. చాలా రోజులుగా ఎవరూ అలాంటి మాట అనలేదని తెలుస్తూనే ఉంది. కూర్చోబెట్టాడు. లోపలికి తిరిగి కాఫీ తెమ్మన్నాడు. పళ్ల సంచీ అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఊళ్లో నలుగురూ నాలుగు మాటలంటున్నారండీ. మీరొక్కరే వచ్చి ఉండమన్నారు. విరమణ కాగితం ఇంకా ఇవ్వలేదు లెండి. ఇంతకీ ఎవరు పంపారు మిమ్మల్ని?"

"మా మేనకోడలండి. ఈసారి సీటు కొద్దిలో పోయింది. వచ్చే ఏడు ఎలాగైనా మీ క్లాసులోనే చేరతానంటోంది. ముందు బెంచీ ఖాళీగా ఉంచమని చెప్పమంది."

ఆయన సంచీని ఒళ్లోంచి తీసి నెమ్మదిగా మా మధ్య ఉన్న బల్ల మీద పెట్టాడు. లోపల కప్పుల చప్పుడు ఆగిపోయింది.

"బాగా చదువుతోందా?" అన్నాడు చివరికి.

"మొదటి ర్యాంకు వస్తుందంటున్నారండి అందరూ," అన్నాను. ఎవరూ అనలేదు. ఇంతవరకూ నేనొక్కణ్ణే అన్నాను.